ముల్లు మీద నింద

గోదావరిఖని చౌరస్తా నుంచి ఎఫ్‌సీఐ క్రాస్ రోడ్డు, జ్యోతినగర్, బసంత్‌నగర్ మీదుగా పెద్దపల్లి దాకా రాజీవ్ రహదారి పొడవునా చిన్నాపెద్దా షెడ్లు ఎన్నో ఉన్నాయి. ఇంజన్ వేడి చూపించే ముల్లు సగం దాటి పైకి పోతోందని చెబితే, చాలాచోట్ల బానెట్ ఎత్తకముందే తీర్పు వచ్చేస్తుంది. "మీటర్ ఖరాబైందన్నా, పరేషాన్ కాకు." గట్టిగా అడిగితే రెండో మాట: "మన దగ్గరి ఎండలకు ఏ బండైనా గంతే." అప్పటికీ వదలకపోతే మూడోది, చికిత్స: "థర్మోస్టాట్ వాల్వు తీసేద్దాం, ఇగ జన్మల హీటెక్కదు." ఈ మాటలు మెకానిక్‌లు మాత్రమే అనేవి కావు. క్వార్టర్ల ముందు కారు కడుక్కుంటూ ఇరుగుపొరుగు ఇవే చెప్పుకుంటారు. పాత బండి అమ్మేవాడు ఇవే చెబుతాడు, కొనేవాడు తలూపుతాడు.

ఈ మూడు మాటలూ తప్పు. చిన్న రిపేరుతో పోవాల్సిన బండ్లను ఇంజన్ సిలిండర్ హెడ్ విప్పేదాకా తీసుకెళ్లేవి ఇవే. మీటర్ ఎప్పుడూ చెడిపోదని నేను అనడం లేదు. చెడిపోతుంది. కానీ అది చెడిపోయిందని తేల్చాలంటే ఇంకో కొలత కావాలి. ఆ రెండో కొలత తీయకుండా ముల్లు మీద నింద వేసే హక్కు మెకానిక్‌కూ లేదు, యజమానికీ లేదు.

నమ్మకం ఊరికే పుట్టలేదన్నది మొదట ఒప్పుకోవాలి. అంబాసిడర్లు, పద్మినీలు, జీపులు తిరిగిన రోజుల్లో చాలా మీటర్లలో రెండు లోహాలు అతికిన రేకు ఒకటి ఉండేది. కరెంటుకు అది వేడెక్కి వంగితే ముల్లు కదిలేది. బ్యాటరీ వోల్టేజీ హెచ్చుతగ్గులు ముల్లుకు తగలకుండా డ్యాష్‌బోర్డు వెనక చిన్న స్టెబిలైజర్ పెట్టేవారు. అది చెడిపోతే టెంపరేచర్ ముల్లూ పెట్రోల్ ముల్లూ రెండూ కలిసి పైకి లేచేవి. ట్యాంకులో సగమే ఉన్నా ఫుల్ అని చూపిస్తూ, పక్కనే ఇంజన్ వేడి కూడా ఎక్కువ చూపిస్తుంటే, ఆనాటి ఉస్తాద్ "మీటర్‌దే తప్పు" అని ధైర్యంగా చెప్పేవాడు. అలా చెప్పడానికి ఆయన దగ్గర ఆధారం ఉండేది. రెండు ముళ్లూ కలిసి లేచాయన్నదే ఆ ఆధారం. తర్వాతి తరం ఆయన తీర్పును కంఠస్థం చేసింది, ఆధారాన్ని వదిలేసింది. అంబాసిడర్, మారుతీ 800 రెండూ 2014లో తయారీ ఆగిపోయాయి. బండ్లు మారి ఇన్నేళ్లయినా తీర్పు మాత్రం మారలేదు.

ఇప్పటి కారులో ముల్లు వెనక ఏముందో చూద్దాం. సిలిండర్ హెడ్ మీదో, థర్మోస్టాట్ ఉండే గూడు పక్కనో ఒక సెన్సార్ కొస కూలెంట్‌లో మునిగి ఉంటుంది. దానిలోపలి థర్మిస్టర్‌కు వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతుంది. చాలా కార్లలో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు, రెండున్నర కిలో ఓమ్‌లు ఉండేది 80 డిగ్రీలకు సుమారు 300 ఓమ్‌లకు పడిపోతుంది. ఈ ఒక్క గుణం తెలిస్తే సగం వాదన ఇక్కడే తేలిపోతుంది. వైరు తెగిందనుకోండి, కనెక్టర్‌లో పచ్చటి చిలుము పట్టిందనుకోండి, పిన్ను వదులైందనుకోండి, అన్నిటా నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగితే ముల్లు చలి వైపు పోతుంది. పాత ఒంటివైరు సెన్సార్ల మరకు టెఫ్లాన్ టేపు మందంగా చుట్టి బిగిస్తే ఎర్త్ సరిగా అందదు, అప్పుడు కూడా ముల్లు కిందికే. వేడి లేకుండా ముల్లు పైకి లేవాలంటే వైరు ఒరుసుకుపోయి బాడీకి తగలాలి, లేదా సెన్సార్ లోపలే షార్ట్ కావాలి, లేదా డ్యాష్‌బోర్డు ఎర్త్ దెబ్బతినాలి. ఇవీ జరుగుతాయి, కానీ వానకూ దుమ్ముకూ తుప్పుకూ సహజంగా వచ్చే లోపాలు ఎక్కువగా ముల్లును కిందికే లాగుతాయి.

మనవాళ్లు మీటర్‌ను శంకించేది మాత్రం అది వేడి చూపినప్పుడే. ముల్లు కింద పడుకుంటే "బండి కూల్‌గా నడుస్తోంది" అని సంతోషిస్తారు. అంటే అబద్ధం చెప్పే అవకాశం ఎక్కువున్న చోట నమ్ముతున్నారు, నిజం చెప్పే అవకాశం ఎక్కువున్న చోట కొట్టిపారేస్తున్నారు.

ఇంకో సంగతి ఉంది. ఇప్పటి కార్లలో చాలావాటిలో ముల్లు సెన్సార్ చెప్పినదాన్ని ఉన్నదున్నట్టు చూపించదు. డ్రైవర్లు కంగారు పడకుండా, సుమారు 75 నుంచి 105 డిగ్రీల దాకా కూలెంట్ ఎక్కడున్నా ముల్లు సరిగ్గా మధ్యలోనే నిలిచేలా కంపెనీలే అమర్చాయి. ట్రాఫిక్‌లో 100కు పోయినా, హైవేలో 88కి దిగినా ముల్లు కదలదు. కాబట్టి అది మధ్య గీత దాటిందంటే ఆ విశాలమైన సహనం కూడా అయిపోయిందన్నమాట. అది ముందస్తు హెచ్చరిక కానే కాదు, ఆలస్యంగా వచ్చిన హెచ్చరిక. దాన్ని కూడా "ఖరాబు మీటర్" అని తోసేస్తే డ్రైవర్ చేతిలో ఇక మిగిలేది ఆవిరి. కొన్ని చిన్న కార్లలోనైతే అసలు ముల్లే తీసేసి, చల్లగా ఉంటే నీలం, మరీ వేడెక్కితే ఎర్ర దీపం పెట్టారు. ఆ ఎర్ర దీపం వెలిగాక ఇంటిదాకా పోనిద్దాం అనుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

పైగా ఆ సెన్సార్ మాట వినేది ముల్లు ఒక్కటే కాదు. చాలా కార్లలో అదే సెన్సార్ సమాచారంతో ఇంజన్ కంప్యూటర్ ఎంత ఇంధనం చల్లాలో, రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడు తిప్పాలో, ఏసీ కంప్రెసర్‌ను ఎప్పుడు ఆపాలో నిర్ణయిస్తుంది. "మీటర్ తప్పు, వదిలెయ్" అన్నవాడు ఒకవేళ నిజమే చెప్పినా, లోపం సెన్సార్‌దైతే ఆ తప్పుడు సమాచారంతోనే ఫ్యాను నడుస్తోందని, ఇంధనం కాలుతోందని అర్థం. అప్పుడు వదిలెయ్యమనడం ఇంకా పెద్ద తప్పు.

ముల్లు కింద పడటం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఇది తెలియక పోయిన ఇంజన్లే ఎక్కువ బాధ కలిగిస్తాయి. రేడియేటర్ కింది హోసు క్లిప్పు వదులై కూలెంట్ కొద్దికొద్దిగా కారుతోందనుకోండి. కొంతసేపు ముల్లు మధ్యలోనే ఉంటుంది. మట్టం తగ్గేకొద్దీ కొంచెం పైకి పోతుంది, ఊగుతుంది. తర్వాత ఉన్నట్టుండి కిందికి జారుతుంది. డ్రైవర్ "హమ్మయ్య, చల్లబడింది" అనుకుంటాడు. నిజానికి కూలెంట్ మట్టం సెన్సార్ కొస కంటే కిందికి పోయింది. సెన్సార్ ఇప్పుడు ద్రవంలో లేదు, గాలిలోనో ఆవిరిలోనో వేలాడుతోంది. ద్రవం తగిలినట్టు గాలి దానికి వేడిని అందించలేదు. ముల్లు చల్లగా చూపుతున్న అదే నిమిషాల్లో అల్యూమినియం హెడ్ వంకర తిరుగుతుంటుంది, గ్యాస్కెట్ కాలుతుంటుంది. సెన్సార్‌లో ఏ లోపమూ లేదు. తన కొసకు తగిలినంత వేడినే అది చెప్పింది. ఆ కొస చుట్టూ కూలెంట్ ఉందా అన్న ప్రశ్న మనం వేసుకోవాల్సింది.

దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష కారులోనే ఉంది. హీటర్ వేసి చూడండి. మన ప్రాంతంలో హీటర్ మీట ముట్టుకునే వాళ్లే తక్కువ, కానీ ఆ హీటర్‌లో తిరిగేది ఇంజన్ కూలెంటే. ఇంజన్ బాగా నడిచి ఉండగా హీటర్ నుంచి చల్లగాలి వస్తోందంటే చాలాసార్లు కూలెంట్ తగ్గిందనో, లోపల గాలి బుడగ చిక్కుకుందనో అర్థం. అప్పుడు ముల్లు ఎక్కడున్నా బండి ఆపాల్సిందే.

ఇక ఎండ మాట. రామగుండం ఎండ తక్కువేమీ కాదు, మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడివాళ్లకు అలవాటే. కానీ లెక్క చూడండి. కూలెంట్ 90 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. బయట 30 ఉంటే తేడా 60, బయట 45 ఉంటే తేడా 45. రేడియేటర్ గాలికి వదిలే వేడి ఈ తేడాను బట్టి ఉంటుంది గనుక ఎండాకాలంలో దాని శక్తి సుమారు నాలుగో వంతు తగ్గుతుంది. ఈ దేశంలో కార్లు అమ్మే కంపెనీలు ఆ నాలుగో వంతును ముందే లెక్కలో వేసుకునే రేడియేటర్ పెడతాయి. ఏసీ వేసుకుని నిండా జనంతో మండుటెండలో నడిచే కార్లు మన రోడ్డు మీదే వేలల్లో ఉన్నాయి, వాటి ముళ్లు మధ్యలోనే ఉన్నాయి. ఎండే కారణమైతే అన్ని ముళ్లూ లేవాలి కదా? ఎండ చేసే పని ఒకటే. ఉన్న లోపాన్ని బయటపెడుతుంది. డిసెంబర్‌లో దాగిన లోపం మేలో కనబడుతుంది.

ఆ లోపం మన ప్రాంతంలో తరచుగా ఎక్కడ ఉంటుందో చెబుతాను. కారు ముందు జాలి వెనక మొదట ఏసీ కండెన్సర్, దాని వెనక వేలెడు సందు, ఆపైన రేడియేటర్ ఉంటాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ మాత్రమే కనబడుతుంది, శుభ్రంగానే ఉంటుంది. ఓసీపీల (ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల) నుంచి వచ్చే టిప్పర్ల వెనక, బూడిద లోడు లారీల వెనక రోజూ నడిచే కారులో ఆ సందులోకి టార్చి వేసి చూడండి. బొగ్గుపొడి, బూడిద, పురుగుల రెక్కలు, ఎండుగడ్డి అన్నీ కలిసి నూనె తడికి అతుక్కుని నల్లటి కంబళిలా రేడియేటర్ ముఖానికి పట్టి ఉంటాయి. గాలి పోయే దారి సగం మూసుకుపోతుంది. హైవేలో వేగంగా పోతున్నప్పుడు సరిపోతుంది గానీ, గోదావరిఖని బజారులో నిలబడిపోయినప్పుడు ముల్లు లేస్తుంది. దీనికి మందు మీటర్‌ను తిట్టడం కాదు. పై క్లిప్పులు విప్పి రెండింటినీ కొంచెం విడదీసి, ఇంజన్ వైపు నుంచి బయటికి మెల్లటి నీటిధారతో కడగాలి. వాటర్ సర్వీసింగ్ గన్‌తో దగ్గరగా కొడితే సన్నటి ఫిన్నులు పడుకుని, ఉన్న దారి కూడా మూసుకుంటుంది. ఈ బొగ్గు బెల్టులో తిరిగే కారుకు ఎండాకాలం ముందు ఈ పని ఏటా జరగాలి.

దుమ్ము తర్వాత నీళ్లు. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తూ పోతే సున్నపు పొర లోపల పేరుకుని సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి. అల్యూమినియంకు తుప్పు పడుతుంది. ప్రెషర్ క్యాప్ కూడా చూడాలి. 0.9 బార్ ఒత్తిడి పట్టి ఉంచే మంచి క్యాప్ ఉంటే ఉత్త నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండిపోయిన క్యాప్ ఆ ఒత్తిడిని నిలపలేదు, 100 దాటగానే మరుగు మొదలవుతుంది. ముల్లు లేస్తే ఈ చిన్న క్యాప్ మార్చి చూసేవాళ్లు ఎంతమంది?

మూడో మాటకు, అన్నిటికంటే హానికరమైనదానికి వద్దాం. వాల్వు పీకేయడం. థర్మోస్టాట్‌లో ఒక చిన్న రాగి డబ్బీలో మైనం ఉంటుంది. కూలెంట్ ఫలానా వేడికి, చాలా కార్లలో 82 డిగ్రీలకో 88కో, చేరగానే మైనం కరిగి ఉబ్బి వాల్వును తెరుస్తుంది. అంతదాకా కూలెంట్ రేడియేటర్‌కు పోకుండా ఇంజన్‌లోనే తిరిగి త్వరగా వేడెక్కుతుంది. ఇంజన్ నిర్ణీత వేడికి చేరడం దానికి అవసరం, విలాసం కాదు. చల్లటి ఇంజన్‌కు కంప్యూటర్ ఎక్కువ పెట్రోల్ చల్లుతుంది. కాలని పెట్రోల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. రింగులు, బోరు త్వరగా అరుగుతాయి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే ఇంజన్ సరిగా వేడెక్కాలి. వాల్వు పీకిన బండిలో అది జరగక ఫిల్టర్ పూడుకుపోతుంది.

"పోనీ, హీటెక్కడం అయినా ఆగుతుంది కదా" అంటారు. అదీ ఖాయం కాదు. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ రెండు పనులు చేస్తుంది. రేడియేటర్ దారి తెరుస్తూనే, ఇంజన్‌లోనే తిరిగే బైపాస్ దారిని మూసేస్తుంది. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ ముఖమే చూడకుండా వేడి వేడిగా ఇంజన్‌లోకి తిరిగి పోతుంది. చలికాలంలో ఇంజన్ వేడెక్కదు, ఎండాకాలంలో ఏసీ వేసి ఎత్తు ఎక్కితే హీటెక్కుతుంది. రెండు కష్టాలనూ కొని తెచ్చుకున్నట్టు. అప్పుడు ఇంకో సలహా వస్తుంది, ఫ్యాన్‌ను డైరెక్ట్ చేద్దామని. దాంతో ఫ్యాన్ మోటారు రోజంతా తిరిగి కాలిపోతుంది. ఒక తప్పుడు తీర్పు ఇన్ని తప్పుడు పనులకు దారితీస్తుంది.

వాల్వు మీద అనుమానం ఉంటే పీకి పారేయనక్కర్లేదు, పరీక్షించవచ్చు. గిన్నెలో నీళ్లు పోసి, దారం కట్టిన థర్మోస్టాట్‌ను అడుగు తగలకుండా వేలాడదీయండి. పక్కన థర్మామీటర్ పెట్టి పొయ్యి వెలిగించండి. వాల్వు అంచు మీద 82 అని అచ్చు ఉంటే, ఆ అంకె దగ్గర కొంచెం అటూఇటూగా వాల్వు కదలడం మొదలవ్వాలి, నీళ్లు 95 దాటేసరికి పూర్తిగా తెరుచుకోవాలి, చల్లార్చితే మూసుకోవాలి. తెరవకపోతే, లేదా చల్లార్చినా మూసుకోకపోతే అది పోయినట్టే. కొత్తది కొనండి. పాతది పారేసి ఆ గూడును ఖాళీగా వదలకండి.

మరి మీటరే తప్పని ఎలా తేల్చాలి? నేను అడుగుతున్న రుజువు గొప్పదేమీ కాదు. పొద్దున్నే, రాత్రంతా నిలబడ్డ బండిని స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి, స్టీరింగ్ కింది సాకెట్‌కు ఓబీడీ స్కానర్ తగిలించండి. ఫోన్‌తో పనిచేసే చిన్న స్కానర్ ఒక ట్యాంకు పెట్రోల్ ఖరీదు కంటే తక్కువకే వస్తుంది, గత పదేళ్లలో వచ్చిన కార్లన్నిటికీ దాదాపుగా పనికొస్తుంది. కూలెంట్ వేడి, లోపలికి పీల్చే గాలి వేడి రెండూ చూడండి. రాత్రంతా చల్లారిన బండిలో రెండూ దగ్గరదగ్గరగా, బయటి గాలితో సమంగా ఉండాలి. గాలి 28 అని, కూలెంట్ 60 అని చూపిస్తే అప్పుడు సెన్సార్‌ను అనుమానించండి, అది న్యాయం. కూలెంట్ మైనస్ 40 అని చూపిస్తే వైరు ఎక్కడో తెగింది, ఎందుకంటే ఆ లెక్కలో అతి చిన్న అంకె అదే. కంప్యూటర్ పీ0118 కోడ్ ఇస్తుంది. పీ0117 వస్తే షార్ట్, అంటే లేని వేడి చూపే రకం. పీ0128 వస్తే చాలావరకు థర్మోస్టాట్ తెరిచే ఉండిపోయింది, లేదా ఎవరో పీకేశారు. పాత బండి కొనేవాళ్లు ఈ మూడో కోడ్‌ను తప్పక చూసుకోవాలి.

ఆ తర్వాత ఇంజన్ వేడెక్కనిచ్చి, ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో థర్మోస్టాట్ దగ్గరి నల్ల రబ్బరు హోసు మీద వేడి కొలవండి. మెరిసే అల్యూమినియం మీద కొలిస్తే గన్ తక్కువ చూపిస్తుంది, నల్లటి చోటే చూడాలి. హోసు బయటివైపు గనుక లోపలి కూలెంట్ కంటే కొన్ని డిగ్రీలు తక్కువే ఉంటుంది. ఇప్పుడు చేతిలో మూడు సాక్ష్యాలున్నాయి. స్కానరూ గన్నూ 90 దగ్గర చెబుతూ ముల్లు ఒక్కటే ఎర్రగీతలో ఉంటే, అప్పుడు నేనే ముందుగా అంటాను మీటర్ తప్పని. స్కానరూ ముల్లూ వేడి అని, గన్ మాత్రం కాదని చెబితే సెన్సార్‌నో దాని వైరునో అనుమానించవచ్చు. మూడూ వేడి అంటే ఇంజన్ వేడెక్కిందనే, ఇంక వాదన లేదు.

హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసినప్పుడల్లా ముల్లు కొంచెం లేచి, ఆపితే దిగితే అది ఎర్త్ లోపం. మల్టీమీటర్‌ను బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజన్ బ్లాకుకూ, తర్వాత డ్యాష్‌బోర్డు ఎర్త్ పాయింటుకూ పెట్టి, లైట్లన్నీ వేసి చూడండి. 0.1 వోల్టు కంటే బాగా ఎక్కువ కనబడితే ఆ పట్టీ విప్పి, గీకి, మళ్లీ బిగించాలి. పాత ఒంటివైరు బండిలో సెన్సార్ వైరు తీసి బాడీకి తాకిస్తే ముల్లు వేడి వైపు చివరిదాకా పోవాలి, వదిలితే చలి వైపు పడిపోవాలి. రెండూ జరిగితే మీటరూ వైరూ మంచివి, సెన్సార్ మార్చుకోవచ్చు. కంప్యూటర్ ఉన్న కొత్త బండిలో ఏ వైరు ఏదో తెలియకుండా ఈ ఆఖరి పరీక్ష చేయకండి.

ఇదంతా ఈ ఊరివాళ్లకు చెప్పాల్సి రావడం నన్ను బాధపెడుతుంది. జ్యోతినగర్ కొలతల మీద బతికే ఊరు. 1978 నవంబర్ 14న మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేసిన ఇక్కడి ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం 2600 మెగావాట్లకు పెరిగింది. అలాంటి కేంద్రాల్లో బాయిలర్ డ్రమ్ములో నీటిమట్టం, ఫర్నేస్ ఒత్తిడి లాంటి కీలక విషయాలకు ఒక్క పరికరాన్ని నమ్మరు, ఊరికే కొట్టిపారేయరు కూడా. మూడు పెట్టి, మూడింటిలో రెండు ఒకే మాట చెబితే యూనిట్‌ను ఆపేస్తారు. పక్కనే సింగరేణి గనిలో మీథేన్ 1.25 శాతానికి చేరిందని కొలత చెబితే మనుషులను బయటికి పంపాలి, అది నిబంధన. అక్కడ ఏ మైనింగ్ సర్దారూ "మిషన్ తప్పు చూపిస్తోంది, పని కానియ్యండి" అనడు. అంటే ఏమవుతుందో ఇక్కడి ప్రతి ఇంటికీ తెలుసు. డ్యూటీలో ఈ క్రమశిక్షణ పాటించే మనిషే గేటు బయటికి వచ్చి కారెక్కగానే ముల్లును కొట్టిపారేస్తాడు.

కొలతను నమ్మకపోవడం ఎంతదాకా పోగలదో 1979 మార్చి 28న అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో తేలింది. రియాక్టర్ గుండెలో నీళ్లు తగ్గి ఇంధనం బయటపడింది. లోపలి థర్మోకపుల్స్ చెప్పే వేడి 700 డిగ్రీల ఫారన్‌హీట్ దాటేసరికి కంప్యూటర్ అంకెలు మాని ప్రశ్నార్థకాలు అచ్చు వేసింది. టెక్నీషియన్లు వైర్ల దగ్గరికే పోయి విడిగా కొలిస్తే కొన్ని 2000 డిగ్రీల ఫారన్‌హీట్ పైన చూపించాయి, కొన్ని మరీ తక్కువ చూపించాయి. ఇంత తేడా ఉంటే ఇవి చెడిపోయే ఉంటాయని మొత్తాన్నీ పక్కనపెట్టారు. ఎక్కువ చూపినవి నిజమే చెప్పాయి. తర్వాతి ఏళ్లలో తెరిచి చూస్తే రియాక్టర్ గుండె సుమారు సగం కరిగిపోయి ఉంది. చదువుకున్నవాళ్లు, శిక్షణ పొందినవాళ్లు, అంత పెద్ద కేంద్రంలో చేసిన పొరపాటు ఇదే. "ఇంత వేడి ఉండదులే, మీటరే తప్పు."

నా వాదనకు ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని గౌరవంగా వింటాను. కిరాయి బండి నడుపుకునే డ్రైవర్‌కు ఈ పరీక్షలన్నిటికీ సమయమెక్కడ, డబ్బెక్కడ అని. నిజమే, పొద్దున మంచిర్యాల, మధ్యాహ్నం కరీంనగర్ ట్రిప్పులు కొట్టేవాడికి బండి ఒక్కరోజు ఆగితే ఆ రోజు సంపాదన పోతుంది. కానీ ఆ మనిషి కోసమే ఈ మాట చెబుతున్నాను. సెన్సార్ చాలా బండ్లకు కొన్ని వందల్లో దొరుకుతుంది, థర్మోస్టాట్ కూడా మరీ ఎక్కువేమీ కాదు. హెడ్ వంకరపోతే దాన్ని విప్పి, లేత్‌లో ఫేసింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించేసరికి వేలకు వేలు, వారం రోజుల బేరం రెండూ పోతాయి. పెద్ద జీతమున్నవాడు ఆ దెబ్బ తట్టుకుంటాడు. కిస్తీల మీద బండి తెచ్చుకున్నవాడు తట్టుకోలేడు.

మెకానిక్‌ల మీద నాకు కోపం లేదు. కొలిచి చెప్పేవాళ్లు ఈ రోడ్డు మీదే ఉన్నారు, వాళ్లకు గిరాకీ ఉండాలనే నా కోరిక. కొలవడానికి పట్టే అరగంటకు డబ్బు ఇవ్వడానికి మనం వెనకాడతాం. "ఊరికే చూసినందుకు పైసలా?" అంటాం. అందుకే వాళ్లు చూడకుండా చెప్పడం నేర్చుకున్నారు. ఈ తప్పులో యజమానుల వాటా కూడా ఉంది.

ఈ ఎండాకాలం రోడ్డు మీద మీ ముల్లు సగం దాటితే ఏసీ ఆపండి, హీటర్ ఫుల్లుగా వేయండి, నీడ చూసుకుని బండి పక్కకు తీయండి. ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకండి, ఉడుకుతున్న ఇంజన్‌లో చన్నీళ్లు పోయకండి. తర్వాత షెడ్డుకు తీసుకెళ్లినప్పుడు మెకానిక్ "మీటర్ ఖరాబైందన్నా" అంటే కొట్లాడకండి, ఒక్క మాట అడగండి: "దేంతో కొలిచినవ్ అన్నా?" అంకె చూపిస్తే నమ్మండి, కొలిచినందుకు డబ్బు ఇవ్వండి. అంకె లేకపోతే ఆ బండిని అక్కడ విప్పనివ్వకండి, వాల్వును అసలే పీకనివ్వకండి.